ఊగే పడవలో దిక్కు చూడటం

భిక్నూర్‌లో కొత్త ఇంటికి పిల్లర్లు లేస్తున్న చోట దిక్కులు చూడటానికి వచ్చిన సిద్ధాంతి జేబులోంచి కంపాస్ తీసి ఎక్కడ పెడతాడో గమనించండి. సలాకలు కట్టిన పిల్లరు పక్కన పెడితే ముల్లు ఒక ఉత్తరం చూపిస్తుంది. నాలుగడుగులు ఇవతలికి వచ్చి ఖాళీ మట్టిలో పెడితే ఇంకో ఉత్తరం. చెయ్యి తిరిగినవాడు ఏమీ మాట్లాడకుండా ప్లాటు మధ్యకు నడుస్తాడు. కొత్తవాడు పిల్లరు పక్కనే నిలబడి ఈశాన్యం మూల తేల్చేసి, వంటగది గోడ ఒకటి కూలగొట్టిస్తాడు.

తెరచాప పడవ నడిపేవాళ్ళు తమ చేతి కంపాస్ గురించి మొదట తెలుసుకోవలసిందీ ఇదే. పరికరం ఎంత ఖరీదైనదైనా, ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నది దానికంటే ముఖ్యం. జాతీయ రహదారి 44 మీద కామారెడ్డికి ఆగ్నేయంగా ఉన్న ఈ ఊరికి సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైనే. అయినా సముద్రం మీద వాడబోయే కంపాస్‌ను పరీక్షించడానికి భిక్నూర్ చక్కని చోటు. ఇది దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, విశాఖపట్నం 17.7 మీద ఉంది. భూమి అయస్కాంత క్షేత్రం రెండు చోట్లా ఇంచుమించు ఒకే బలంతో, ఒకే వాలుతో ఉంటుంది. ఇక్కడ పొలంలో సరిగ్గా నడిచిన కంపాస్ అక్కడ నీళ్ళ మీద కొత్తగా పేచీ పెట్టదు. పెడితే తప్పు పడవలోనిది.

పడవకు చుక్కాని దగ్గర బిగించిన పెద్ద కంపాస్ వేరే ఉంటుంది. పడవ ముక్కు ఎటు ఉందో అది చెబుతుంది. చేతి కంపాస్ పని అది కాదు. దూరాన కనిపించే ఒక గుర్తు, అంటే లైట్‌హౌస్‌నో కొండనో చిమ్నీనో సూటిగా చూసి, అది మన నుంచి ఎన్ని డిగ్రీల దిక్కున ఉందో చదవడం దీని పని. సర్వే చదివినవాళ్ళు దాన్ని బేరింగు అంటారు. విశాఖ తీరానికి ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో పడవ ఉందనుకుందాం. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ 250 డిగ్రీలు, కైలాసగిరి 290, రుషికొండ 330 అని వచ్చాయి. పటం మీద ఆ మూడు గుర్తుల నుంచి వెనక్కి మూడు గీతలు గీస్తే అవి కలిసే చోట మనమున్నాం. నిజానికి అవి ఒక బిందువు దగ్గర ఎప్పుడూ కలవవు, చిన్న త్రిభుజం మిగులుతుంది. ఆ త్రిభుజం ఎంత పెద్దదో చూస్తే మన చూపు ఎంత తప్పిందో తెలుస్తుంది. రెండు గీతలతో సరిపెట్టుకున్నవాడికి ఈ హెచ్చరిక దొరకదు. అవి ఎప్పుడూ ఒక చోట కలిసి తీరతాయి, అది తప్పు చోటైనా సరే.

ఆ పడవ నుంచి డాల్ఫిన్స్ నోస్ దాదాపు 15 కిలోమీటర్లు. అంత దూరంలో ఒక డిగ్రీ తప్పితే మన గీత 260 మీటర్లు పక్కకు జరుగుతుంది. రెండు డిగ్రీలైతే అర కిలోమీటరు, అయిదైతే 1,300 మీటర్ల దాకా. అందుకే కొనేవాళ్ళ కళ్ళు ముందుగా గీతల మీద పడతాయి. అయిదేసి డిగ్రీలకు ఒక గీత ఉన్న కంపాస్ నాసిరకమని, ఒక్కో డిగ్రీకి గీత ఉన్నది మేలురకమని అనుకుంటారు. అక్కడే మోసపోతారు. సన్న గీతలు చదవాలంటే అవి కాసేపైనా ఒకచోట నిలవాలి కదా.

సివిల్ డిప్లొమా చదివినవాళ్ళు ప్రిజ్మాటిక్ కంపాస్‌ను ఎరుగుదురు. దానిలో అరడిగ్రీ దాకా చదవొచ్చు. అంకెలు తలకిందులుగా, సున్నా దక్షిణం దగ్గర అచ్చువేసి ఉంటాయి. ప్రిజంలోంచి చూసేటప్పుడు మన కంటి ముందుకు వచ్చేది ముల్లుతో కలిసి తిరిగే అంకెల పళ్ళెం దక్షిణపు అంచు కాబట్టి ఆ ఏర్పాటు. ఎదుటి గుర్తునూ అంకెనూ ఒకే చూపులో పట్టుకోవచ్చన్నది ఆ పరికరం తెలివి. 1812లో దీనికి లండన్‌లో పేటెంట్ తీసుకున్నవాడు పరికరాల తయారీదారు చార్లెస్ ష్మాల్కాల్డర్. ఆలోచన మాత్రం హెన్రీ కేటర్‌దని వాదించేవాళ్ళున్నారు. ఈ కేటర్ మనకు పూర్తిగా పరాయివాడు కాడు. దక్షిణ భారతంలో విలియం లాంబ్టన్ త్రికోణ సర్వే మొదలైన కొత్తలో ఆయనకు సహాయకుడిగా పనిచేసిన సైనికాధికారి. ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాక కంపాస్ ముల్లుకు ఏ ఉక్కు మంచిది, ఏ ఆకారం మంచిదని రాయల్ సొసైటీకి రాసిన పరిశోధన 1821లో అచ్చయింది. లాంబ్టన్ సర్వే 1815 నాటికి భిక్నూర్‌కు పడమరగా వంద కిలోమీటర్ల దూరంలోని బీదర్ చేరి అక్కడ ఆధారరేఖ కొలిచింది. దక్కను ఎండలో కోణాలు కొలిచిన మనిషికి చేతిలో ఇమిడే పరికరం విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

ప్రిజ్మాటిక్ కంపాస్‌ను పడవెక్కిస్తే మాత్రం అది ఎందుకూ పనికిరాదు. దానిలో ద్రవం ఉండదు. సన్నని మొన మీద పళ్ళెం గాలిలో తేలుతుంది, నిలబడటానికి చాలాసేపు తీసుకుంటుంది. పొలంలో దాన్ని స్టాండు మీద పెట్టి, పక్కనున్న చిన్న పిన్నును వేలితో మెల్లగా నొక్కి ఊపును ఆపుతాం. పడవలో స్టాండు లేదు, వేలు ఖాళీ లేదు, ఒక చెయ్యి తాడునో కమ్మీనో పట్టుకునే ఉంటుంది. అందుకే నావికుల చేతి కంపాస్‌లో పళ్ళెం పలుచని నూనెలాంటి ద్రవంలో మునిగి ఉంటుంది. ఊపును ఆ ద్రవమే మింగేస్తుంది. మరీ చిక్కగా ఉంటే మనం తిరిగాక ముల్లు వెనకాల నింపాదిగా వస్తుంది. మరీ పలుచనైతే ఆగనే ఆగదు. కంపాస్ మంచిదో కాదో తేల్చేది ఈ రెంటి మధ్య కుదిరిన పొత్తే. పెట్టె మీద దాని గురించి ఒక్క ముక్కా రాసి ఉండదు.

కాబట్టి మనమే చూసుకోవాలి. కంపాస్‌ను చెక్క బల్ల మీద పెట్టండి. చిన్న అయస్కాంతంతో పళ్ళేన్ని ముప్పై, నలభై డిగ్రీలు పక్కకు లాగి, అయస్కాంతాన్ని ఒక్కసారి దూరంగా తీసేయండి. పళ్ళెం వెనక్కి వచ్చి, అసలు చోటు కొద్దిగా దాటి, ఒకసారి సర్దుకుని నిలవాలి. రెండు మూడు సెకన్లలో ఆ పని అయిపోతే మంచిదే. గడియారం లోలకంలా నాలుగైదుసార్లు ఊగితే వద్దు. తర్వాత రెండో పరీక్ష. ఈసారి రెండు మూడు డిగ్రీలు మాత్రమే లాగి వదలండి, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు. రెండుసార్లూ సరిగ్గా అదే అంకె దగ్గరికి రావాలి. రాకపోతే లోపలి మొన అరిగింది, పళ్ళెం దాని మీద జిడ్డుగా తిరుగుతోందన్నమాట. గీతలు ఎంత సన్నగా ఉన్నా ఆ కంపాస్ చెప్పేది అబద్ధమే.

ఇక్కడ మన అక్షాంశం మనకు చేసే మేలు గురించి చెప్పాలి. భూమి అయస్కాంత బలం నేలకు సమాంతరంగా ఉండదు, కిందికి వంగి ఉంటుంది. లండన్‌లో ఆ వాలు 66 డిగ్రీల పైన. మన దగ్గర 22 దరిదాపు. దక్షిణాన తిరునెల్వేలి ప్రాంతానికి వెళితే దాదాపు సున్నా, అయస్కాంత భూమధ్యరేఖ అటుగా పోతుంది. ముల్లును తిప్పేది ఆ బలంలో నేలబారుగా ఉన్న భాగమే. అది లండన్‌లో సుమారు 20 మైక్రోటెస్లాలైతే తెలంగాణలో 40 దాకా ఉంటుంది. అంటే ఇక్కడ ముల్లు రెట్టింపు బలంతో ఉత్తరానికి గుంజుకుపోతుంది.

దీని ఫలితం చిన్నది కాదు. కంపాస్‌లోని అయస్కాంతమో సెన్సరో సమతలం నుంచి అయిదు డిగ్రీలు ఒరిగితే, కిందికి గుంజే భాగం అడ్డంగా జొరబడి దిక్కును తప్పిస్తుంది. ఆ తప్పు లండన్‌లో పదకొండు డిగ్రీల దాకా పోగలదు. మన తీరంలో అదే ఒరుగుకు రెండు డిగ్రీలకు మించదు. ఐరోపా నావికులు రాసిన పుస్తకాల్లో పడవ ఒరిగినప్పుడు కంపాస్ పెట్టే బాధల గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. బంగాళాఖాతంలో తిరిగేవాళ్ళు వాటిలో సగం తిప్పేయొచ్చు.

కానీ అదే కారణంగా ఒక చిక్కూ ఉంది. ఐరోపా కోసం చేసిన కంపాస్‌లో ఉత్తరపు కొన కిందికి వాలకుండా దక్షిణం వైపు కొద్దిగా బరువు పెడతారు. దాన్ని మన దగ్గరికి తెస్తే ఉత్తరాన కిందికి లాగే బలం మూడోవంతుకు పడిపోతుంది, బరువు మాత్రం అలాగే ఉంటుంది. పళ్ళెం దక్షిణం వైపు వాలి డబ్బా అంచుకు రాసుకుంటుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ప్రపంచంలో ఏ ప్రాంతానికి సరిచేశారో చూడమనేది అందుకే. ప్రపంచమంతా పనిచేసేదని రాసి ఉంటే మేలు. లేకపోతే డబ్బా చేతికి రాగానే సమంగా పట్టుకుని చుట్టూ ఒకసారి తిరగండి. పళ్ళెం ఎక్కడైనా తటపటాయిస్తే గడువు లోపలే వాపసు పంపండి.

ఒక్క తీరంలో తిరిగేవాళ్ళకు ఇంతవరకే. ప్రపంచం చుట్టేవాళ్ళ సంగతి వేరు. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి బయలుదేరిన నౌకాదళపు తెరచాప నౌక ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులున్నారు. వారిలో ఇద్దరు తెలుగువాళ్ళు, విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజీలాండ్‌లో లిటిల్టన్, ఫాక్‌లాండ్స్‌లో పోర్ట్ స్టాన్లీ, తర్వాత కేప్‌టౌన్ తాకి, 2018 మే 21న మళ్ళీ గోవా చేరారు. ఆ దారిని కంపాస్ కళ్ళతో చూడండి. గోవాలో అయస్కాంత బలం ఉత్తరానికి కొద్దిగా కిందికి వంగి ఉంది. ఫ్రీమాంటిల్ చేరేసరికి అదే బలం ఉత్తరం వైపు పైకి ఎక్కి ఉంది, అదీ 60 డిగ్రీలకు మించి. ఉత్తరార్ధగోళం కోసం బరువు కట్టిన పళ్ళెం అక్కడ నిలబడే ప్రశ్నే లేదు. పైగా అసలు ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ మధ్య తేడా ఉంటుంది. తెలంగాణలో అది ఒక డిగ్రీ లోపే, మన సిద్ధాంతులు పట్టించుకోకపోయినా ఇళ్ళేమీ వంకర కావు. లిటిల్టన్ దగ్గర అదే తేడా తూర్పుకు ఇరవై డిగ్రీల పైన, కేప్‌టౌన్ దగ్గర పడమరకు ఇరవై డిగ్రీల పైన. పటం మీద ఆ లెక్క సరిచేసుకోకపోతే మిగతా జాగ్రత్తలన్నీ దండగ.

జీపీఎస్ ఉండగా ఇవన్నీ ఎందుకని ఎవరైనా అడుగుతారు. సిగ్నళ్ళకు అడ్డం కొట్టడం, దొంగ సిగ్నళ్ళు పంపడం ఈ మధ్య ఎర్రసముద్రంలో, బాల్టిక్‌లో మామూలైపోయింది, అది ఒక జవాబు. నాకు అంతకంటే నచ్చే జవాబు వేరే ఉంది. నడిసముద్రంలో చేతి కంపాస్ ఎక్కువసార్లు బయటికి తీసేది మనం ఎక్కడున్నామో తెలుసుకోవడానికి కాదు, ఎదురొచ్చే ఓడ మనల్ని గుద్దుతుందా అని చూడటానికి. ఓడల ఢీలను నివారించేందుకు 1972లో కుదిరిన అంతర్జాతీయ నిబంధనల్లో ఏడోది ఈ సూత్రమే చెబుతుంది. దగ్గరవుతున్న ఓడ బేరింగు చెప్పుకోదగినంతగా మారకపోతే ఢీకొనే ప్రమాదం ఉన్నట్టే లెక్క. ఇప్పుడు చూస్తే 48, మూడు నిమిషాల తర్వాత 48, మళ్ళీ 48 అని వస్తే ఇక ఆలోచించే సమయం కాదు. 48, 53, 59 అని జరుగుతుంటే అది మన ముందునుంచో వెనకనుంచో దాటిపోతుంది. మరీ పెద్ద ఓడైతేనో, మరీ దగ్గరగా ఉంటేనో బేరింగు మారుతున్నా ఒక్కోసారి ప్రమాదం ఉండొచ్చని ఆ నిబంధనే హెచ్చరిస్తుంది కూడా.

ఈ పనికి ఆ 48 నిజంగా 48 కానక్కరలేదు. కంపాస్ మూడు డిగ్రీలు తప్పు చూపినా ఫరవాలేదు, ప్రతిసారీ అదే తప్పు చూపిస్తే చాలు. గీతల సన్నదనం కంటే ముల్లు నిలకడకు ఎక్కువ మార్కులు వేయమన్నది ఇందుకే.

దుకాణాల్లో దొరికే రకాలు నాలుగు. చిన్న గుండ్రని బిళ్ళలా ఉండి, చుట్టూ రబ్బరు తొడుగుతో, మెడలో తాడుకు వేలాడేది ఒకటి. దాన్ని కంటికి దగ్గరగా పట్టుకుంటారు. లోపలి కటకం అంకెలను చాలా దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది కాబట్టి లైట్‌హౌసూ అంకే ఒకే స్పష్టతతో కనిపిస్తాయి, చూపు మార్చుకునే పని లేదు. చత్వారం వచ్చినవాళ్ళకు ఇది వరం. ఫ్రెంచి కంపెనీ ప్లాస్టిమో వారి ఐరిస్ 50 ఈ తరహాదే. రెండోది పిడి ఉన్న పాతకాలపు రకం, చెయ్యి చాచి పట్టుకోవాలి. పళ్ళెం పెద్దది, చదవడం సులువు, కానీ పడవ ఎగిరినప్పుడు చాచిన చెయ్యి కూడా ఎగురుతుంది. మూడోది కంపాస్ కలిపిన 7×50 బైనాక్యులర్. దూరపు గుర్తును పోల్చుకోవడానికి దానికి సాటి లేదు. బరువూ ధరా కూడా అలాగే ఉంటాయి. నాలుగోది ఎలక్ట్రానిక్ రకం.

ఈ నాలుగోదాని కుటుంబంలోనిదే మన జేబులోని ఫోన్. దానిలో ముల్లు లేదు, మూడు దిశల్లో క్షేత్రాన్ని కొలిచే సెన్సర్లున్నాయి. ఒరిగినప్పుడు కింద అంటే ఎటు అన్నది త్వరణం కొలిచే ఇంకో సెన్సర్ చెబుతుంది, దాన్నిబట్టి లెక్క సరిచేసుకుంటుంది. పొలంలో బాగానే ఉంటుంది. పడవ అలెక్కి దిగుతున్నప్పుడు ఆ సెన్సర్ పడవ కుదుపును కూడా గురుత్వంగానే పొరబడుతుంది, దానికి కింద ఎటో తెలియదు. ఫోన్ మూత అయస్కాంతంతో అంటుకునేదైతే ఇక చెప్పనక్కరలేదు. సముద్రం మీద నేను దాని మీద ఆధారపడను.

రాత్రివేళ వెలుగు సంగతి. కొన్నిటిలో ట్రిటియం గొట్టం ఉంటుంది, బ్యాటరీ లేకుండా వెలుగుతుంది. ట్రిటియం అర్ధాయుష్షు 12.3 సంవత్సరాలు, కాబట్టి పాతది కొనేటప్పుడు తయారీ సంవత్సరం అడగండి. కొన్నిటికి టార్చి వెలుగు తాగి కాసేపు మెరిసే పూత ఉంటుంది. పూతను మెరిపించడానికి తెచ్చిన టార్చిని కంపాస్ పక్కనే పట్టుకుని బేరింగు చూసేవాళ్ళున్నారు. పెన్‌టార్చి సెల్లుల పైతొడుగు ఉక్కు, దగ్గరగా ఉంటే ముల్లు అటు మొగ్గుతుంది.

ఒంటి మీది ఇనుము కూడా అంతే. బంగారం, వెండి ముల్లును కదిలించలేవు. కళ్ళద్దాల ఉక్కు ఫ్రేము, జడపిన్ను, చేతి గడియారం, చొక్కా జేబులోని ఫోన్ స్పీకరు కదిలిస్తాయి. కంటి దగ్గర పట్టుకునే బిళ్ళరకానికి కళ్ళద్దాలే మొదటి శత్రువు. అద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి అదే గుర్తును చూడండి. తేడా వస్తే కొత్త ఫ్రేము కొనడమే చవక.

పడవలో ఇంకో రకం ఇనుము ఉంటుంది, కంటికి కనిపించనిది. మన బోరు మోటారుకు వెళ్ళే తీగల పక్కన కంపాస్ పెడితే ముల్లు కదలదు. ఆ కరెంటు సెకనుకు వందసార్లు దిశ మార్చుకుంటుంది, ముల్లు అంత వేగం అందుకోలేదు. మోటారు డొక్కు మాత్రం దాన్ని లాగుతుంది. పడవలోది 12 వోల్టుల బ్యాటరీ కరెంటు, అది ఒకే దిశలో పోతుంది. పది ఆంపియర్లు పోయే ఒంటి తీగ పది సెంటీమీటర్ల దూరంలో 20 మైక్రోటెస్లాల క్షేత్రం పుట్టిస్తుంది. మన నేలబారు బలం 40 అనుకున్నాం కదా, ఆ క్షేత్రం ముల్లుకు సరిగ్గా అడ్డంగా పడితే ముల్లు దాదాపు 27 డిగ్రీలు పక్కకు పోతుంది. పోయే తీగనూ వచ్చే తీగనూ పేనితే ఒకదాని ప్రభావాన్ని ఇంకొకటి కొట్టేస్తుంది. ఇంజనుకు, బ్యాటరీకి, రేడియో స్పీకరుకు దూరంగా డెక్కు మీద ఒక చోటు వెతుక్కుని, ప్రతిసారీ అక్కడే నిలబడి చూడటం నావికుల అలవాటు. సిద్ధాంతి ప్లాటు మధ్యకు నడవడం లాంటిదే అది.

భిక్నూర్ నుంచి అదే రహదారి మీద హైదరాబాద్ వెళితే చేతి కంపాస్ రోజువారీ పనిముట్టుగా కనిపించే చోటు ఒకటుంది, హుస్సేన్‌సాగర్. సెయిలింగ్ పందాల్లో పోటీదారుల కంటే పందెం నడిపించే అధికారికే దీని అవసరం ఎక్కువ. కర్రకు కట్టిన రిబ్బను ఎటు ఎగురుతుందో చూసి, గాలి ఎన్ని డిగ్రీల నుంచి వస్తుందో కంపాస్‌తో చదివి, దానికి ఎదురుగా మొదటి బుడగగుర్తు వేయిస్తారు. చుట్టూ ఎత్తయిన భవనాలు, గాలి నిమిష నిమిషానికి తిరుగుతుంది. అక్కడ కావలసింది తొందరగా నిలిచే పళ్ళెం, దూరం నుంచి చదవగల పెద్ద అంకెలు. ట్రిటియంతోనూ బైనాక్యులర్‌తోనూ పని లేదు.

ఇక పొలంలో పరీక్ష. బోరు మోటార్లు, ఇనుప కంచె, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర లేని చోట రెండు వందల మీటర్ల ఎడంగా రెండు గుర్తులు పెట్టుకోండి. ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి బేరింగు చూడండి. రెండింటి తేడా 180 రావాలి. రాకపోతే ఒక చోట నేలలోనో మీ ఒంటి మీదో ఇనుము ఉంది. తెలంగాణ గ్రానైట్ నేలను అడ్డంగా చీల్చుకుంటూ పోయే నల్లరాతి డైకుల్లో మాగ్నెటైట్ ఉంటుంది, వాటి మీద నిలబడితే మంచి కంపాస్ కూడా తడబడుతుంది. అందుకే ఒక్క చోట చూసి తీర్పు చెప్పకూడదు. తర్వాత నడుస్తూ సిద్ధరామేశ్వరస్వామి గుడి శిఖరం బేరింగు చదవడానికి ప్రయత్నించండి. నడకలోనే చదవలేని కంపాస్ అలల మీద చదివిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ట్రాక్టర్ ట్రాలీ ఎక్కితే ఊగుడు బాగానే దొరుకుతుంది కానీ అది నాలుగు గోడల ఇనుము.

చీకటి పడ్డాక ధ్రువనక్షత్రం ఉంది. ఇక్కడ అది ఉత్తర దిగంతం మీద 18 డిగ్రీల ఎత్తున ఉంటుంది, చాచిన చేతి పిడికిళ్ళు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. అసలు ఉత్తరానికి అది ముప్పాతిక డిగ్రీ కంటే ఎక్కువ తప్పదు. కంపాస్‌లో 0 గానీ 1 గానీ కనిపిస్తే బాగుంది. 5 అని వస్తే చోటు మార్చి చూడండి, అక్కడా 5 వస్తే కంపాస్ మార్చండి.

కొన్నాక ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డు మీద వదలొద్దు. మే నెలలో కారు లోపలి వేడికి ద్రవం వ్యాకోచించి సీలును వదులు చేస్తుంది, చల్లబడ్డాక లోపల గాలి బుడగ చేరుతుంది. పెసరగింజంత బుడగ పెద్దగా నష్టం చేయదు. పళ్ళెం అంచును తాకేంత పెరిగితే అది పళ్ళేన్ని తోస్తుంది, అప్పుడు ద్రవం నింపించుకోవడమో కొత్తది కొనడమో చేయాలి.